సున్నం పడిన కళ్ళూ, మా వదిన కుందేళ్ళూ

మా వదిన హెడ్విగ్‌కి నవ్వు ఆలస్యంగా వస్తుంది. జోకు విన్నాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, బాగానే ఉందని నమ్మకం కుదిరాక అప్పుడు నవ్వుతుంది. అప్పటికి మిగతావాళ్ళం ఇంకో మాటలో పడిపోయి ఉంటాం. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆసుపత్రిలో చాలామంది ఆమెకి బుర్ర నిదానం అనుకున్నారు. నిదానమే. కానీ ఒకసారి ఏదైనా ఆ బుర్రలోకి వెళ్ళిందంటే మళ్ళీ బయటికి రాదు.

ఆమె మా వదిన కాకముందు నుంచీ నాకు తెలుసు. 1961లో, చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, తీసా నది ఒడ్డున ఉన్న మా పట్నంలో కంటి ఆసుపత్రికి చిన్న డాక్టరుగా వచ్చింది. నేను అక్కడ ఆపరేషన్ గదిలో నర్సుని. ఆమెకి అప్పటికే ముప్ఫై దాటాయి. పొడుగు మనిషి, మగవాళ్ళ బూట్ల లాంటి బూట్లు. తండ్రి ఏదో చిన్న ఊళ్ళో రొట్టెలు కాల్చేవాడు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్తే తను మాత్రం వరండాలో కిటికీ అరుగు మీద కూర్చుని, రొట్టె ముక్కకి పంది కొవ్వు రాసుకుని, పైన ఉల్లిపాయ చక్రాలు పెట్టుకుని తినేది. ఆ తర్వాత రోగి కంట్లోకి వంగి చూస్తే రోగులు గొణుక్కునేవాళ్ళు.

మా వైపు ఈస్టర్ వస్తోందంటే ఆడవాళ్ళు ఇళ్ళకి వెల్ల వేస్తారు. వెల్ల వేసే రోజులు వచ్చాయంటే మా ఆసుపత్రికి సున్నం పడిన కళ్ళు వస్తాయి. ఆ ఏడు వచ్చినవాళ్ళలో గెరే రొజాల్ అనే ఆవిడ ఉంది. పొలాల మధ్య విడివిడిగా ఉండే ఇళ్ళకి తిరిగి వెల్ల వేయడమే ఆవిడ జీవనాధారం. వేడినీళ్ళ తొట్టెలో సున్నపు గడ్డ వేస్తే అది ఒక్కసారిగా పొంగి ముఖం మీదకి ఎగిరిందట. గుర్రపు బండి మీద, కళ్ళకి తడిగుడ్డ కట్టుకుని వచ్చింది.

హెడ్విగ్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, రెప్పలు తిరగేసి, దూదితో సున్నపు నలుసులు ఒక్కొక్కటే తీస్తూ కడగడం మొదలుపెట్టింది. నేను నీళ్ళు అందిస్తున్నాను. ఎంతకీ ఆపదు.

"కళ్ళు కడుగుతున్నావా, దుప్పట్లు ఉతుకుతున్నావా తల్లీ?" అంది రొజాల్.

"కదలకు పిన్నీ."

"నేనేడ కదుల్తన్నా? నా నోరొకటే కదుల్తా ఉంది. దాని మీద సున్నం పళ్ళా."

అంత నొప్పిలో అలా మాట్లాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఎడమ కన్ను కొంతవరకు దక్కింది. ఆవిరి పట్టిన కిటికీలోంచి చూసినట్టు మనుషుల ఆకారాలు కనపడేవి. కుడి కన్ను మాత్రం తెల్లబడిపోయింది. కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున్న హెడ్విగ్ నన్ను పిలిచి, సన్నటి వెలుగు గీత వేసి కన్ను చూసే యంత్రం ముందు కూర్చోబెట్టింది. రొజాల్ కుడి కంట్లో, చుట్టూ అంచు నుంచి మధ్యకి, ఎర్రటి దారాలు పాకుతున్నాయి. కొమ్మలు వేసుకుంటూ, చివర్లు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు.

ఎండాకాలం తర్వాత మా పెద్ద డాక్టరు టెమెషి ప్రొఫెసర్ ఆ కంటికి చనిపోయినవాళ్ళ కార్నియా, అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొర, తీసి అతికాడు. ఆయన చెయ్యి బంగారం. కట్టు విప్పిన రోజున రొజాల్ కిటికీని గుర్తుపట్టింది, కిటికీ అవతల చెట్టుని గుర్తుపట్టింది. ఆ తర్వాత ఎర్ర దారాలు కుట్లు దాటి కొత్త కార్నియాలోకి కూడా వెళ్ళాయి. అది మసకబారింది.

"ఏంది డాక్టరమ్మా, మొన్న కిటికీ కనపడింది. ఇయ్యాల దాని మీద ఎవరో పాలు పోసినట్టుంది" అంది రొజాల్.

హెడ్విగ్ ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. మధ్యాహ్నం వరండాలో రొట్టె తినకుండా చేతిలో పట్టుకుని ఉంటే నేను పక్కన కూర్చున్నాను.

"ఇర్మా, ఆ నెత్తురు ఎందుకొచ్చింది?"

"నన్నడిగితే? కాలింది కదా, మాన్చడానికి వచ్చి ఉంటుంది."

"ఎవరు పిలిచారు?"

"ఏమిటీ?"

"కార్నియాలో నెత్తురు ఉండదు. ఉంటే చూపే ఉండదు. పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా నెత్తురు అంచు దాకా వచ్చి ఆగిపోతుంది, ఒక్క అడుగు లోపలికి వెయ్యదు. అలాంటిది ఇప్పుడు వచ్చింది. అంటే లోపల్నుంచి ఎవరో పిలిచి ఉండాలి కదా."

"తిను ముందు. రొట్టె ఎండిపోతోంది" అన్నాను. నాకు అంతకంటే ఏం తెలుసు!

మరుసటి ఏడు మే డే సెలవు రోజున నేనే ఆమెని నది ఒడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ పడవ పందేలు. మా అన్నయ్య సల్కయి గెల్లేర్ట్ పడవల క్లబ్బులో ఉండేవాడు. పగలు ట్రాముల కరెంటు వైర్లు బాగుచేసే పని, సాయంత్రాలు తెడ్డు. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా కుర్రాళ్ళతో పోటీకి దిగేవాడు. ఆ రోజు మూడోవాడిగా వచ్చాడు. పడవ దిగి గట్టు చెక్కల మీద వెల్లకిలా పడిపోయాడు. చేతులు రెండూ పక్కన కర్రల్లా పడేసి ఉన్నాయి.

హెడ్విగ్ సరాసరి వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నొప్పి ఎక్కడ?"

"మీరెవరండీ?"

"కంటి డాక్టర్ని."

"కళ్ళు బాగానే ఉన్నాయండీ. చేతులే పోయాయి."

ఆమె అతని ముంజేతి కండ నొక్కి చూసింది. రాయిలా ఉందట. "ఊపిరి అందక" అని తనలో తను అనుకుంది. "గాలి చాలనప్పుడు కండ లాక్టిక్ ఆమ్లం పోగేసుకుంటుంది. మరి గాలి చాలని కన్నో? వాచిపోయిన కన్ను, పైన గట్టిగా కట్టు కట్టిన కన్ను?"

"నాతోనేనా అండీ మాట్లాడుతున్నారు?" అన్నాడు అన్నయ్య.

"మీ నెత్తురు కొంచెం ఇస్తారా?"

అన్నయ్య పడుకునే తల తిప్పి నన్ను చూశాడు. "ఏమే ఇర్మా, పండగ పూట ఎవర్ని తీసుకొచ్చావే?"

ఆమె అనుకున్నది ఇది. కార్నియాకి నెత్తురు లేదు కాబట్టి అది బయటి గాలిని పీల్చుకుని బతుకుతుంది. సున్నానికి కాలి వాచినప్పుడు ఆ గాలి చాలదు. పరుగెత్తినవాడి కాలి కండలో లాగే అక్కడా లాక్టిక్ ఆమ్లం ఊరుతుంది. పెరుగులో ఉండేదీ అదే. అది పేరుకుని అంచు దాకా పాకితే, అక్కడ ఆగి ఉన్న నెత్తుటి నాళాలకి అదే పిలుపు అవుతుందేమో. ఏమో అన్నది ఆమె మాటే. ఆమె ఏదీ 'అవుతుంది' అని చెప్పే మనిషి కాదు.

టెమెషి ప్రొఫెసర్ విని, గడ్డం గోక్కుని, కింద బాయిలర్ పక్కనున్న గదిని ఆమెకి ఇచ్చాడు. ఒక పక్క కుందేళ్ళ పంజరాలు, ఇంకో పక్క గాజు గొట్టాలు. గది వెచ్చగా ఉండేది, వాసన మాత్రం మూడో అంతస్తు దాకా వచ్చేది. రోగుల్ని చూసిన తర్వాత మిగిలిన టైములో ఆమె అక్కడే. ముందు ఆ ఆమ్లాన్ని కొలవడం నేర్చుకోవాలి. కొలత సరైనదో కాదో తెలియాలంటే అది తక్కువున్న నెత్తురూ, బాగా ఎక్కువున్న నెత్తురూ రెండూ కావాలి. అందుకని మా అన్నయ్య.

ఆదివారం పొద్దున్నే ఆమె సూదులు సర్దుకుని పడవల క్లబ్బుకి వచ్చేది. అన్నయ్య పడవెక్కక ముందు చెవి తమ్మె గుచ్చి చుక్క తీసుకునేది. అతను వంతెన దాకా ఒళ్ళు మరిచి తెడ్డు వేసి వచ్చాక మళ్ళీ గుచ్చేది. క్లబ్బులో మిగతావాళ్ళకి ఇదొక వినోదం.

"ఏరా గెల్లేర్ట్, చెవికి పోగు పెట్టిస్తున్నావా?" అని అరిచేవాళ్ళు.

కొలత సరిపోయింది, ఇక నెత్తురు అక్కర్లేదని ఆమె చెప్పేసింది. తర్వాతి ఆదివారం కూడా అన్నయ్య స్నానం చేసి, జుట్టుకి నూనె రాసుకుని, ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు.

"డాక్టరు గారూ, పోయిన వారం సరిగ్గా వెయ్యలేదనిపిస్తోంది. ఇవాళ ఇంకా గట్టిగా వేస్తాను."

"అవసరం లేదండీ. అంకెలు బాగా వచ్చాయి."

"ఇంకా బాగా రావొచ్చు కదండీ."

ఆమె ఆలోచించి, సూదులు తెచ్చుకుంది. ఎండాకాలం అంతా అలాగే నడిచింది. ఆకులు రాలుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ముగ్గురం వంతెన మీదుగా నడిచి వస్తున్నాం. అన్నయ్య ఉన్నట్టుండి అన్నాడు: "డాక్టరు గారూ, నా నెత్తురంతా ఎలాగూ మీ దగ్గరే ఉంది. మిగతా మనిషిని కూడా తీసేసుకోకూడదూ?"

ఆమె నడుస్తూనే ఉంది. అన్నయ్య ముఖం పాలిపోయింది. నేను నదిలోకి చూస్తూ నడుస్తున్నాను, నేను అక్కడ లేనట్టు. వంతెన అవతలి కొసకి వచ్చాక ఆమె ఆగి పెద్దగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే" అంది.

పట్టణ సభ కార్యాలయంలో పెళ్ళి అయింది. తర్వాత పడవల షెడ్డులో పెద్ద కాగులో ఎర్రటి చేపల పులుసు కాచారు. టెమెషి ప్రొఫెసర్ పెళ్ళికూతురి చేతిని ముద్దు పెట్టుకుని, "నా దగ్గర పనిచేసే డాక్టరు కండల్లో పరిశోధన మొదలుపెట్టిందని ఇప్పుడే తెలిసింది" అన్నాడు. ఆ జోకుకి ఆమె వెంటనే నవ్వింది. అది చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఇక కుందేళ్ళ సంగతి. వాటికి మత్తు ఇచ్చి, కార్నియా మధ్యలో ఆ ఆమ్లపు చుక్క ఒక్కటి పెట్టి, రోజూ చూసేది. ఆ పని ఆమెకి ఇష్టంగా ఉండేది కాదు. పెట్టేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు, పెట్టాక చాలాసేపు వాటి చెవులు నిమురుతూ కూర్చునేది. అన్నయ్య పని అయ్యాక వచ్చి పంజరాలు శుభ్రం చేసేవాడు. చేస్తూ చేస్తూ వాటికి మంత్రుల పేర్లు పెట్టాడు.

"వ్యవసాయ మంత్రిగారు ఇవాళ కూడా ఏం పని చెయ్యలేదు, తిని పడుకున్నారు" అనేవాడు.

"పేర్లు పెట్టకు. రేపు నాకు చెయ్యి ఆడదు" అనేది వదిన. "గట్టిగా మాట్లాడకు కూడా. పైన వినపడుతుంది." ఆ రోజుల్లో మంత్రుల మీద జోకులు వేస్తే ఉద్యోగం పోయేది.

ఎర్ర దారాలు వచ్చాయి. చుక్క పెట్టిన చోటికి గురి చూసినట్టు వచ్చాయి. ఉప్పునీళ్ళ చుక్క పెట్టిన కళ్ళల్లో రాలేదు. ఆసుపత్రిలో అప్పటికే ఆమెకి 'పులుపు డాక్టరమ్మ' అని పేరు పడింది. ఆ వార్తతో ఆ పేరు వీధి చివర పొగాకు కొట్టు దాకా వెళ్ళింది. రాజధాని బుడాపెస్ట్‌లో కంటి డాక్టర్ల సభ జరిగితే వెళ్ళి ఆ ఫలితాలు చదివింది. అన్నయ్యా నేనూ రైలు స్టేషన్లో ఎదురుచూస్తున్నాం. అన్నయ్య కోటు జేబులో ప్లమ్ పళ్ళ బ్రాందీ సీసా.

రైలు దిగింది. ముఖంలో ఏమీ తెలియడం లేదు.

"ఏమైంది? చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు. తర్వాత లైప్జిగ్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు లేచారు. ఏ పులుపు పెట్టినా కన్ను మండుతుంది కదమ్మా, వెనిగర్ పెట్టినా ఆ దారాలు వస్తాయేమో, చూశావా అని అడిగారు. హాలంతా నవ్వారు."

"ఆ ముసలాణ్ణి మన తీసాలో నాలుగు మునకలు వేయించాలి" అన్నాడు అన్నయ్య.

"ఎందుకూ? ఆయన మంచిగానే అడిగారు. నేను చూడలేదని చెప్పాను. నాకు నేను వేసుకోవలసిన ప్రశ్న అది. వెయ్యలేదు."

ఇంటికొచ్చి, మేం చేసిపెట్టిన పెరుగు గడ్డల నూడుల్స్ రెండు ప్లేట్లు తినేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. అన్నయ్యకే నిద్ర పట్టలేదట.

ఆ తర్వాత ఆ పని మళ్ళీ మొదటి నుంచీ చేసింది. ఈసారి కొన్ని కుందేళ్ళకి అంతే పులుపున్న వెనిగర్ చుక్క. కొన్నిటికి లాక్టిక్ ఆమ్లమే, కానీ సోడాతో పులుపు పూర్తిగా చంపేసి. ఏ పంజరంలో ఏముందో తనకే తెలియకుండా సీసాల మీద గుర్తులు నా చేత వేయించింది. మధ్యలో ఒకసారి కుందేళ్ళకి జబ్బు చేసి సగం పోయాయి. ఒకసారి బాయిలర్ పగిలి గదంతా నీళ్ళు. పాపం అనుకుని నేనేదో ఓదార్పు మాట అంటే, "ఏముంది, పొడి గుడ్డ ఇవ్వు" అనేది. ఆ రోజుల్లో మా అన్నయ్య వంట నేర్చుకున్నాడు. బంగాళాదుంపల కూర వండి, మూతపెట్టి, ట్రాము ఎక్కి ఆసుపత్రికి తెచ్చేవాడు. పగలంతా ట్రాము వైర్లు బాగుచేసినవాడు కదా, ఆ ట్రాములో టికెట్టు అడిగే మొగాడు లేడు.

ఒక మధ్యాహ్నం నేను కత్తులు ఉడకబెడుతుంటే వదిన తలుపు దగ్గరికి వచ్చి, "ఖాళీ ఉందా?" అంది. కిందికి వెళ్ళాం. సీసాల గుర్తులు విప్పి చెప్పమంది. నేను చెప్తూ ఉంటే ఆమె ఒక్కో కుందేలు కంటినీ నాకు చూపించింది. వెనిగర్ పెట్టిన కళ్ళల్లో అంచున కాస్త ఎరుపు, ఒకటి రెండు దారాలు బయలుదేరి ఆగిపోయాయి. పులుపు చంపేసిన లాక్టిక్ ఆమ్లం పెట్టిన కళ్ళల్లో దారాలు నిండుగా వచ్చాయి.

"పులుపు లేదు. అయినా వచ్చాయి" అంది.

"అంటే?"

"అంటే మండినందుకు రాలేదు. ఆ పదార్థాన్ని చూసే వస్తున్నాయి. కనీసం కుందేళ్ళలో."

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పంజరంలో పెట్టడానికి తెచ్చిన క్యారెట్టు తీసుకుని కొరికింది. నాకూ ఒకటి ఇచ్చింది. ఇద్దరం క్యారెట్లు తిన్నాం. మనిషి ముఖం అలా విప్పారి ఉండటం పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

సాయంత్రం అన్నయ్యకి చెప్తే, "అయితే ఇన్నాళ్ళూ ఊరంతా నిన్ను పులుపు డాక్టరమ్మ అన్నది తప్పన్నమాట. మరి ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి?" అన్నాడు.

"హెడ్విగ్ అని పిలువు. నువ్వలా పిలిచి చాలా రోజులైంది" అంది వదిన.

లైప్జిగ్ పెద్దాయనకి కూడా రాసింది. వెనిగర్ ఓడిపోయినందుకు తనకి సంతోషంగా ఉందని ఆయన ఒక కార్డు పంపాడు. వదిన రాసిన వ్యాసం మా దేశపు పత్రికలో అచ్చయింది. జపాన్ నుంచి ఒకరు, బ్రెజిల్ నుంచి ఒకరు ప్రతి కావాలని అడిగారు. గొప్ప పేరేమీ రాలేదు. రాలేదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు కూడా.

అయితే ఆసుపత్రిలో ఒక గొడవ పెట్టుకుంది. సున్నం పడిన కంటికి గట్టిగా కట్టు కట్టి రోజుల తరబడి మూసి ఉంచడం మా దగ్గర అలవాటు. అది వద్దంది. టెమెషి ప్రొఫెసర్ రౌండ్లకి వచ్చినప్పుడు మంచం పక్కనే నిలబడి వాదించింది.

"కుందేలు చెప్పిందని మనిషి కట్టు విప్పమంటావా?" అన్నాడాయన.

"కట్టు వద్దనడం లేదు సార్. గట్టిగా వద్దంటున్నాను. పొద్దస్తమానం వద్దంటున్నాను. మూసేస్తే దానికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"తెరిచి పెడితే నొప్పి పుడుతుంది. రోగులు నన్ను తిడతారు."

"నన్ను తిట్టమనండి."

మంచం మీదున్న పెద్దావిడ దుప్పటి కిందనుంచి, "నేనెవర్నీ తిట్టను బాబూ, ఇద్దరూ కాస్త అవతల పోట్లాడుకోండి" అంది. ప్రొఫెసర్‌కి నవ్వొచ్చింది. "సరే, నీ మంచాల మీద నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. ఆమె మంచాల మీద పడుకున్నవాళ్ళకి ఎర్ర దారాలు కాస్త తక్కువగా వస్తున్నాయని మేం నర్సులం అనుకునేవాళ్ళం. ఆమెని అడిగితే తల అడ్డంగా ఊపేది. "తెలీదు. వీళ్ళకి సున్నం తక్కువ పడి ఉండొచ్చు."

ఇన్నేళ్ళూ రొజాల్ ఏటా చలికాలం ముందు కన్ను చూపించుకోవడానికి వచ్చేది. వస్తూ జాడీడు పులిసిన క్యాబేజీ తెచ్చేది. ఒకసారి వదిన మూత తీసి వాసన చూసి, "ఇందులో ఉన్నదీ లాక్టిక్ ఆమ్లమే" అంది.

రొజాల్ గుండెలు బాదుకుంది. "ఓరి దేవుడో! అయితే నా క్యాబేజీ వల్లేనా నా కళ్ళు పోయింది?"

"కాదు పిన్నీ, తింటే ఏమీ కాదు. నేనూ తింటాగా."

"ముందే చెప్పొచ్చుగా, సగం ప్రాణం పోయింది. సరే, ఇంకో అద్దం ఎప్పుడు వేస్తావు నా కంటికి?"

"ఇంకా ఎర్రగా ఉంది పిన్నీ. చల్లారనీ."

"ఈ లెక్కన ముందు చల్లారేది నేనే."

ఏటేటా అదే మాట, అదే జవాబు. ఎర్రగా ఉన్న కంట్లో కొత్త కార్నియా పెడితే ఆ దారాలు మళ్ళీ లోపలికి వస్తాయని వదిన భయం. రొజాల్ తిట్టేది, నవ్వేది, జాడీ ఖాళీ చేయించుకుని ఇంటికి పోయేది. మసక కంటితోనే కోళ్ళని మేపుకుంటూ, పక్కింటివాళ్ళ పిల్లల్ని ఆడిస్తూ కాలం గడిపింది.

1969 చలికాలానికి ముందు వదిన ఆ కంట్లోకి చాలాసేపు చూసి, నన్ను చూడమంది. దారాలు చాలావరకు ఎండి, తెల్లటి గీతల్లా మిగిలాయి. "ఇప్పుడు వేద్దాం" అంది.

ఆపరేషన్ తనే చేసింది. టెమెషి ప్రొఫెసర్ అప్పటికి పదవి దిగిపోయాడు, అయినా వచ్చి గోడ వారగా నిలబడ్డాడు. నేను సన్న దారం అందిస్తున్నాను. వదిన చెయ్యి ప్రొఫెసర్ చేతిలా గబగబా నడిచేది కాదు. ఒక్కో కుట్టూ వేసి, చూసి, ఇంకోటి వేసేది. తర్వాత నెలల తరబడి వాపు తగ్గించే కార్టిజోన్ చుక్కలు, మళ్ళీ మళ్ళీ చూడటం. కట్టు తీసిన మొదటి రోజే రొజాల్ కన్ను చిట్లించి వదిన ముఖంలోకి చూసింది.

"ఓలమ్మో! నీ ముక్కు ఇంత పెద్దదని ఇన్నేళ్ళల్లో ఒక్కరన్నా చెప్పలేదే!"

వదిన ఆ కంట్లోకి చూస్తూనే, "దీని పక్కన కళ్ళజోడు కూడా ఉంది, కనపడుతోందా?" అంది.

"కనపడతంది. పగిలిన చోట దారం కట్టావు. నల్ల దారం."

నిజంగానే నల్ల దారం. గది బయటికి వచ్చాక వదిన గోడకి ఆనుకుని కాసేపు ముక్కు చీదుకుంటూ ఉండిపోయింది.

కన్ను నిలబడింది. పూర్తిగా కాదు. సూదిలో దారం ఎక్కించలేదు కానీ, దారిన వచ్చేదెవరో కంచె దగ్గరికి రాకముందే చెప్పేది. మళ్ళీ వెల్ల వేస్తానని పట్టుబట్టింది. వదిన ఒప్పుకోలేదు. చివరికి అన్నయ్య తన పాత మోటార్‌సైకిల్ కళ్ళజోడు తీసుకెళ్ళి ఆవిడ తలకి బిగించి, "ఇది లేకుండా కుంచె ముట్టుకున్నావంటే నేనే వచ్చి సున్నపు తొట్టె బోర్లిస్తా" అన్నాడు. ఆ కళ్ళజోడు పెట్టుకుని నిచ్చెన మీద నిలబడ్డ రొజాల్‌ని చూసి ఊరి కుక్కలు మొరిగాయట. చాలా ఏళ్ళు బతికింది, తన ఇంటికి తనే వెల్ల వేసుకుంటూ.

"నీ కుందేళ్ళ పుణ్యమే కదా ఇదంతా" అని నేను ఒకసారి వదినతో అన్నాను.

"కాదు. మందు పనిచేసింది, అదృష్టం బాగుంది, పిన్ని ఓపిక పట్టింది." మళ్ళీ తనే, "ఓపిక పట్టమని చెప్పే ధైర్యం మాత్రం కుందేళ్ళ దగ్గర నుంచే వచ్చింది" అంది.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు మా ఊళ్ళో వెల్ల వేసేవాళ్ళు తక్కువ, డబ్బాల్లో రంగులు వచ్చేశాయి. నేనూ వదినా ఇద్దరం పదవీ విరమణ చేశాం. అన్నయ్య నది ఒడ్డున చిన్న తోట పెట్టుకుని టమాటాలతో కుస్తీ పడుతున్నాడు. అయినా ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లు వదినని వదల్లేదు. నాళాల్ని పిలిచే పదార్థాల గురించి ఇప్పుడు కొత్త కొత్త పేర్లు చెప్తున్నారు. ఆమె వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వింటుంది. వచ్చి, "బాగా చేస్తున్నారు. నాకు ఆ యంత్రాలు ఉంటే ఎంత బాగుండేది" అంటుంది. ఆ మాటలో దిగులేమీ ఉండదు, పొరుగువాళ్ళ తోటలో పండిన పీచ్ పళ్ళని చూసి మెచ్చుకున్నట్టు ఉంటుంది.

మంగళవారాలు మాత్రం సైకిలు మీద ఆసుపత్రికి వెళ్ళి రోగుల్ని చూస్తుంది. మొన్నొక మంగళవారం నేను కూడా నా కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళి ఆమె గదిలోనే కూర్చుని ఉన్నాను. క్షవరశాలలో పనిచేసే అమ్మాయి ఒకతి వచ్చింది, కళ్ళు ఎర్రబడి. కళ్ళల్లో పడమటి దేశాల నుంచి తెప్పించుకున్న కాంటాక్ట్ లెన్సులు. వదిన యంత్రం ముందు కూర్చోబెట్టి చూసింది.

"ఇవి పెట్టుకునే పడుకుంటున్నావా?"

"అప్పుడప్పుడూ."

"రోజూనా?"

అమ్మాయి తల దించుకుంది. "రోజూనేనండీ."

"కంటికి కూడా గాలి కావాలమ్మా. పగలంతా మూసి, రాత్రి కూడా మూస్తే అది ఏం చేస్తుంది? అంచున సన్నగా ఎర్ర దారాలు మొదలయ్యాయి. ఇప్పుడు తీసేస్తే వెనక్కి పోతాయి. కొన్నాళ్ళు కళ్ళజోడు పెట్టుకో."

"కళ్ళజోడా! మా ఆయన... అంటే కాబోయే ఆయన, నన్ను ఎప్పుడూ కళ్ళజోడుతో చూడలేదండీ."

"పెళ్ళయ్యాక చూస్తాడుగా. ఇప్పుడే అలవాటు చెయ్యి."

"చూసి వద్దంటే?"

వదిన మందు చీటీ రాయడం ఆపి కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆ అమ్మాయి భయపడుతూ చూస్తోంది.

"వద్దంటే," అంది చివరికి, "పడవల క్లబ్బుకి వెళ్ళు. అక్కడ మంచివాళ్ళున్నారు."

ఈసారి నేనే ముందు నవ్వాను. అమ్మాయి లెన్సులు తీసి డబ్బీలో పెట్టుకుని, మసకగా కనపడుతున్న తలుపుని తడుముకుంటూ వెళ్ళింది. మేమిద్దరం సైకిలు నడిపించుకుంటూ ఇంటికి బయల్దేరాం. అన్నయ్య మిరపకాయల కూర వండుతానని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు, ఉప్పు ఎక్కువ వెయ్యకుండా వెళ్ళి చూసుకోవాలి.